పాడైన సోలార్ లైటు ఎవరి చేతికి వెళ్లాలి?

శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలో మాది రిపేరు షాపు. మిక్సీలు, ఫ్యాన్లు ఎక్కువగా వస్తాయి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను ఉద్దానం మీద విరుచుకుపడినప్పుడు కొబ్బరి, జీడి తోటలతో పాటు కరెంటు స్తంభాలూ కూలి, ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. ఆ తర్వాత చాలా ఇళ్లలోకి సోలార్ లైట్లు వచ్చాయి. కొన్నేళ్లకు అవన్నీ నా బల్ల మీదికి రావడం మొదలైంది.

విప్పి చూస్తే ప్యానెల్ బాగుంటుంది, ఎల్ఈడీ బాగుంటుంది. పోయేది బ్యాటరీ, లేకపోతే ఛార్జింగ్ పిన్. అసలు కష్టం విప్పడంలోనే. కొన్నిటికి స్క్రూలే ఉండవు, అంచులు అతికించేసి ఉంటాయి. బ్లేడు పెట్టి కోస్తే ఒక్కోసారి లోపలి వైరు తెగుతుంది. కొత్తగా వేసే బ్యాటరీ సెల్లు కూడా చూసి వేయాలి. పాత లాప్‌టాప్ సెల్లు సైజుకు సరిపోతుంది గానీ అది 3.6 వోల్టులది. ఈ లైట్లలో చాలావాటికి ఉండేది 3.2 వోల్టుల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్లు. దానికోసం చేసిన ఛార్జింగ్ బోర్డు లాప్‌టాప్ సెల్లును సగం కూడా నింపదు. అదే లాప్‌టాప్ సెల్లు బోర్డుకు ఫాస్ఫేట్ సెల్లు తగిలిస్తే వేడెక్కి పాడవుతుంది.

కెన్యాలోని కకుమా శరణార్థి శిబిరం గురించి చదువుతుంటే నాకు ఈ లైట్లే గుర్తొచ్చాయి. సూడాన్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన పిల్లల కోసం 1992లో తుర్కానా ఎడారి నేల మీద పెట్టిన శిబిరం అది. ఇప్పుడు అక్కడ 2 లక్షలకు పైగా జనం ఉంటున్నారు. చాలా ఏళ్లు డీజిల్ జనరేటర్లున్న వ్యాపారులే చుట్టుపక్కలకు వైర్లు లాగి కరెంటు అమ్మారు. పక్కనున్న కలోబేయీ అనే శరణార్థుల ఆవాసంలో సోలార్ మినీ గ్రిడ్, అంటే సోలార్ కరెంటును వైర్ల మీద ఇళ్లకిచ్చే చిన్న ఏర్పాటు, వచ్చింది గానీ, చాలా గుడిసెలకు చేతి లైటే దిక్కు.

వంటకూ అదే అవస్థ. కట్టెల కోటా నెలంతా రాదు. రేషన్ గింజల్లో కొన్ని స్థానిక తుర్కానా వాళ్లకిచ్చి బొగ్గు తెచ్చుకునే ఇళ్లున్నాయి. ఉన్న తిండే చాలకపోయినా, అందులోంచే ఇచ్చి మంట కొనుక్కునే ఇంట్లో లైటు పోతే కొత్తది ఎక్కడ కొంటారు?

దానమిచ్చేవాళ్లు ఎన్ని లైట్లు పంచారో లెక్క చెబుతారు. మూడేళ్ల తర్వాత ఎన్ని వెలుగుతున్నాయో ఎవరూ అడగరు. ఇది నాకు చాలా బాధగా ఉంటుంది. కకుమాలో పనిచేసే చేతులకేం కొదవ లేదు. ప్రపంచ బ్యాంకు బృందంలోని అంతర్జాతీయ ఫైనాన్స్ కార్పొరేషన్ 2018లో అక్కడ 2,000కు పైగా దుకాణాలున్నాయని చెప్పింది. ఫోన్లు బాగుచేసేవాళ్లూ ఉన్నారు. ఫోను బోర్డు మీద టంకం పెట్టగలిగినవాడికి ఈ లైటు ఒక లెక్కా! స్క్రూలున్న లైట్లు కొని, వాటితో పాటే విడి సెల్లు, పిన్నులు, వోల్టులు కొలిచే మల్టీమీటర్లు నాలుగు పంపితే చాలు. అక్కడివాళ్లకు పనీ దొరుకుతుంది, చెత్తగుంటలో పడాల్సిన లైటు మళ్లీ ఇంటికెళుతుంది.

పూర్తిగా చచ్చిన సెల్లును మాత్రం చెత్తతో కలిపి తగలబెట్టకూడదు, పేలుతుంది. ఎలక్ట్రానిక్ చెత్తను విడదీసే కేంద్రం నైరోబీలో ఉంది. రేషన్ దింపిన లారీలు ఎలాగూ వెనక్కి వెళ్లాలి కదా, రిపేరు షాపుల దగ్గర మూత ఉన్న డబ్బాల్లో పోగుచేసిన సెల్లను వాటిలోనే పంపవచ్చు.