హంటర్ రోడ్డు జూలో సైన్సు పాఠం

"నేనిది నింపను" అంది మా తొమ్మిదేళ్ల పిల్ల, హన్మకొండ హంటర్ రోడ్డు జూ పార్క్ గేటు దాటకముందే. జెట్‌లాగ్‌తో నిద్రపట్టక రాత్రి కూర్చుని నేను తయారుచేసిన షీట్ అది. జంతువు పేరు, ఏం తింటుంది, తెలుగులో ఏమంటారు, అన్నిటికీ గళ్లు. బడి వద్దు, పరీక్షలు వద్దు అని హోమ్‌స్కూల్ మొదలుపెట్టింది కూడా నేనే. టెక్సాస్‌లో మమ్మల్ని అడిగేవాళ్లు లేరు, రిజిస్ట్రేషన్ లేదు, ప్రభుత్వ పరీక్షలు లేవు. చదవడం, స్పెల్లింగ్, గ్రామర్, లెక్కలు, మంచి పౌరుడిగా మెలగడం, ఇవి నేర్పితే చాలు. సైన్సు ఆ జాబితాలోనే లేదు, ఇక తెలుగు సంగతి చెప్పనక్కర్లేదు. అయినా టెన్షన్ నాకే.

మా బాపు షీట్ చూసి "బడి వద్దని నువ్వే బడైనవ్ గద బిడ్డా" అన్నాడు. నవ్వాను గానీ షీట్ లోపల పెట్టలేదు.

సెలవులకి పిల్లలతో వచ్చేవాళ్లు చిన్న జూకే వెళ్లండి. హైదరాబాద్ నెహ్రూ జూ 380 ఎకరాలు, అన్నీ చూడాలన్న ఆత్రంలో దేని దగ్గరా నిలబడం. ఇక్కడ చుక్కల జింకల దగ్గరే చాలాసేపు ఆగిపోయాం. ఒక పోతుకి గట్టి కొమ్ములు, పక్కదానికి మెత్తటి చర్మం కప్పుకుని అప్పుడే పెరుగుతున్నవి, ఇంకోదానికి అసలు లేవు. "మన దగ్గర డీర్‌కి ఒకే సీజన్లో ఊడిపోతాయి కదా, వీటికేంటి ఎవరిష్టం వాళ్లది?" అని అడిగింది. ఫోన్‌లో వెతికాను. నిజమే, తెల్లతోక జింకల కొమ్ములు చలికాలంలో రాలతాయి, చుక్కల జింకలకి అలా ఒక్క కాలమని లేదు, ఒకే మందలో ఒక్కోటి ఒక్కో దశలో ఉంటుంది.

ఇంత మంచి ప్రశ్న అడిగితే సంతోషించాలి కదా, నా మనసేమో 'మన దగ్గర' అంటే టెక్సాసేనా అని అక్కడే ఆగింది. నేనూ చిన్నప్పుడు బడి పిల్లలతో ఇక్కడికే వచ్చాను, పులిహోర తప్ప ఏదీ గుర్తులేదు. మరి దీనికి మాత్రం అన్నీ గుర్తుండిపోవాలని ఈ పట్టుదల సైన్సు కోసమా, నా కోసమా?

ఎలుగుబంటి దగ్గర బాపు "దీనికి పైన ముందు పండ్లు రెండుండవు, ఆ సందులకెల్లే చెదలు జుర్రుకుంటది" అన్నాడు. పిల్ల వచ్చీరాని తెలుగులో ప్రశ్న మీద ప్రశ్న వేసింది. ఇంట్లో నేను ఎంత బతిమాలినా రాని తెలుగు అది. కాస్త కుళ్లుకున్న మాట కూడా నిజమే. పాకాల చెరువుకి కూడా వెళ్దామా అంటే తాతతో అయితే వస్తానంది.