శుక్లం ఆపరేషన్: ఏ లెన్సు అని అడిగే ముందు

మా ఇళ్లలో పెద్దవాళ్లు ఇప్పటికీ శుక్లం బాగా ముదిరాకే ఆపరేషన్ చేయించుకోవాలని నమ్ముతారు. ఒకప్పుడు ఆ మాటలో నిజం ఉండేది. కంటికి పెద్ద కోత పెట్టి, మసకబారిన లెన్సును మొత్తంగా బయటికి తీసి, కుట్లు వేసి, ఆ తరవాత సోడాబుడ్డి కళ్లద్దాలు ఇచ్చి పంపే రోజుల్లో, కాస్తో కూస్తో చూపున్న కంటిని అలా కోయించుకోవడం ఎవరికీ లాభసాటి బేరం కాదు. ఇప్పుడు లెక్క తారుమారైంది. గట్టిపడిన శుక్లాన్ని లోపలే పొడి చేయడానికి ఎక్కువ శక్తి వాడవలసి వస్తుంది, దాని ఒత్తిడి కార్నియా (కంటి ముందరి పారదర్శకమైన పొర) లోపలి కణాల మీద పడుతుంది. మరీ ముదిరిపోతే కంటిలో ఒత్తిడి పెరిగి నొప్పీ ఎరుపూ మొదలయ్యే ప్రమాదమూ ఉంది. అలాగని శుక్లం ఉందని తెలిసిన వారంలోనే బల్లెక్కాలని కాదు. చదువు, వంట, మెట్లు దిగడం, బండి నడపడం వంటి రోజువారీ పనులకు చూపు అడ్డం పడుతున్నదా లేదా అన్నదే చాలా మందికి సరైన కొలత. వచ్చే నెలలోపు చేయించుకుంటే తగ్గింపు ఇస్తామనేవారు చెప్పేది వైద్యం కాదు, వ్యాపారం.

కంటిపాప వెనక ఉండే సహజమైన లెన్సు నీరు, ప్రోటీన్లతో తయారైన పారదర్శకమైన వస్తువు. వయసుతోపాటు ఆ ప్రోటీన్లు గడ్డలు కట్టి, లెన్సు పసుపు తిరిగి మసకబారడాన్నే శుక్లం అంటాము. షుగరు, చాలాకాలం వాడిన స్టెరాయిడ్లు, పొగ తాగడం, కంటికి తగిలిన దెబ్బ దీన్ని ముందుకు జరుపుతాయి. లెన్సు మధ్యభాగం గట్టిపడే రకంలో ఒక విచిత్రం ఉంది: కంటి పవరు మారి, దగ్గరి అక్షరాలు కొంతకాలం అద్దాలు లేకుండానే కనబడతాయి. చూపు తిరిగొచ్చిందని సంబరపడేవాళ్లను నేను చూశాను; అది శుక్లం పెరుగుతున్న గుర్తు మాత్రమే. లెన్సు వెనక అంచున ఏర్పడే రకం షుగరు ఉన్నవారిలోనూ స్టెరాయిడ్లు వాడినవారిలోనూ తరచుగా కనబడుతుంది. ఎండలోకి వెళ్లినా ఎదురుగా హెడ్‌లైట్లు పడినా కళ్లు చెదిరిపోతాయి. ఏ రకమైనా చుక్కల మందుతో కరగదు. కరిగిస్తామనే ప్రకటనలకు డబ్బు తగలేయకండి.

ఆపరేషన్‌లో లెన్సును తీసినా దాని చుట్టూ ఉండే పలుచని సంచిని, దిండు తీసేశాక గలీబును ఉంచినట్టుగా, ఉంచేస్తారు. కొత్త లెన్సు కూర్చునేది అందులోనే. కృత్రిమ లెన్సును మొదటిసారి 1949లో లండన్‌లో కంటి డాక్టరు హెరాల్డ్ రిడ్లీ అమర్చారు. యుద్ధంలో పైలట్ల కళ్లలో గుచ్చుకున్న విమానపు ప్లాస్టిక్ అద్దాల ముక్కలను కన్ను సహించడం చూసి ఆయన ఆ పదార్థాన్ని ఎంచుకున్నారు. 1967లో అమెరికాలో కంటి డాక్టరు ఛార్లెస్ కెల్మన్ అల్ట్రాసౌండ్‌తో శుక్లాన్ని పొడిచేసి పీల్చే ఫేకో పద్ధతిని తెచ్చారు. మన దగ్గర చాలామంది లేజర్ ఆపరేషన్ అని చెప్పుకునేది నిజానికి ఈ ఫేకోనే, అందులో లేజర్ ఉండదు. అసలు లేజర్ వాడే ఫెమ్టో పద్ధతి వేరు: కోతలూ సంచి పైభాగం తెరవడమూ యంత్రం చేస్తుంది, ఆ తరవాతి పనికి మళ్లీ ఫేకోనే కావాలి. మామూలు ఫేకో కంటే దాని ఫలితం మెరుగ్గా లేదని ఫ్రాన్స్‌లో జరిగి 2020లో వెలువడిన పెద్ద అధ్యయనం తేల్చింది. అందుకోసం అదనపు డబ్బు అడిగితే నేనైతే ఇవ్వను.

ఫేకోలో కోత మూడు మిల్లీమీటర్లకు లోపే. చేతితో చేసే చిన్నకోత పద్ధతిలో అది ఆరేడు మిల్లీమీటర్లు ఉన్నా సాధారణంగా కుట్లు లేకుండానే మూసుకుంటుంది. ఉచిత శిబిరాల్లో ఎక్కువగా చేసేది ఇదేనని దీన్ని చిన్నచూపు చూస్తారు గాని, నేపాల్‌లో కంటి డాక్టరు సందూక్ రుయిత్ బృందం ఈ రెండింటినీ పోల్చి 2007లో ప్రచురించిన అధ్యయనంలో ఆరు నెలల తరవాత చూపులో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. బాగా ముదిరిన శుక్లానికి చాలామంది నిపుణులు ఈ పద్ధతినే ఎంచుకుంటారు.

ఇక లెన్సు. చాలా ఆసుపత్రులలో డాక్టరు కన్నా ముందే ప్యాకేజీల కాగితం చేతికొస్తుంది, అందులో ఖరీదైనదే మంచిదన్న భావన కలుగుతుంది. మా అమ్మ విషయంలో డాక్టరుగారు ఆ కాగితం పక్కన పెట్టి, “రోజంతా ఏం పని చేస్తుంటారమ్మా?” అని అడిగారు. అమ్మ చిన్నప్పటినుంచీ దూరానికి అద్దాలు పెట్టుకుని, దగ్గరి పనికి వాటిని తీసేసే మనిషి. పగలంతా కుట్టుపని, రాత్రి చదువు. మోనోఫోకల్ లెన్సు ఒకే దూరానికి స్పష్టతనిస్తుంది, ఆ దూరాన్ని మనం ఎంచుకోవచ్చు. చాలామందికి దూరానికి పెడతారు, అమ్మకు దగ్గరికే పెట్టారు. ఇప్పుడు సూదిలో దారం ఆమే ఎక్కించుకుంటుంది, వీధిలోకి వెళ్లేటప్పుడు ఎప్పటిలాగే అద్దాలు పెట్టుకుంటుంది.

మల్టీఫోకల్ లెన్సు అద్దాల అవసరాన్ని బాగా తగ్గిస్తుంది, అది నిజం. కాని లోపలికి వచ్చే వెలుతురును వేర్వేరు దూరాలకు పంచుతుంది కనుక, రాత్రిపూట దీపాల చుట్టూ వలయాలు కనబడవచ్చు, మసక వెలుతురులో స్పష్టత తగ్గవచ్చు. రాత్రుళ్లు హైవేలో బండి నడిపేవారూ, షుగరు వల్ల రెటీనా (కంటి వెనక ఉండే, వెలుతురును గుర్తించే పొర) దెబ్బతిన్నవారూ, నీటికాసులు ఉన్నవారూ దీని జోలికి వెళ్లే ముందు డాక్టరుతో గట్టిగా మాట్లాడాలి. సిలిండర్ పవరు (కార్నియా వంపు అన్ని వైపులా ఒకేలా లేకపోవడం వల్ల వచ్చేది) ఎక్కువగా ఉన్నవారికి మాత్రం, దాన్ని సరిచేసే టోరిక్ లెన్సుకు పెట్టే అదనపు ఖర్చు చాలావరకు సార్థకమే.

మామూలు లెన్సు చవకగా దొరకడానికి 1992లో మధురైలో మొదలైన లెన్సుల తయారీ సంస్థ ఆరోల్యాబ్ చేసిన పని ముఖ్య కారణం, కనుక చవకను చూసి భయపడనక్కరలేదు. బీమా సంగతి ముందే చూసుకోవాలి: బీమా సంస్థలు ఒకే నిబంధనలతో అమ్మే ఆరోగ్య సంజీవని పాలసీలో ఒక్కో కంటికి బీమా మొత్తంలో 25 శాతం లేదా 40,000 రూపాయలు, ఏది తక్కువైతే అదే పరిమితి, దానికి తోడు 24 నెలల నిరీక్షణ కాలం.

ప్రోస్టేట్ కోసం టామ్సులోసిన్ మాత్రలు వాడుతున్నా, ఎప్పుడో వాడి మానేసినా, డాక్టరుకు తప్పక చెప్పాలి. ఆపరేషన్ మధ్యలో కంటిపాప ముడుచుకుపోయే ఇబ్బంది వాటివల్ల వస్తుంది. ఆపరేషన్ తరవాత నొప్పి పెరిగినా, ఎరుపెక్కినా, చూపు తగ్గినా, అర్ధరాత్రి అయినా సరే ఆసుపత్రికి వెళ్లాలి, తెల్లారేదాకా ఆగకూడదు. నెలలో సంవత్సరాలో గడిచాక చూపు నెమ్మదిగా మసకబారితే శుక్లం మళ్లీ వచ్చిందని అనుకుంటారు. తీసేసిన శుక్లం తిరిగి రాదు. చాలాసార్లు ఆ సంచి వెనక పొర మసకబారడమే కారణం, దానికి కొద్ది నిమిషాల యాగ్ లేజర్ చాలు. లేజర్ అన్న మాట అక్కడ నిజంగానే వర్తిస్తుంది.