మా బుజ్జన్న "నుయ్యి" అంటే మాకు అర్థం కాలేదు

2022 సంక్రాంతి దాటాక మా బుజ్జన్న ఇంటి అరుగు దిగడం మానేశాడు. అరుగు కింద ఒక నల్ల కడప బండ ఉంటుంది, నాన్న ఉన్నప్పుడు వేయించింది, సరిగ్గా దాని దగ్గరికొచ్చి ఆగిపోయి గుమ్మం గట్టిగా పట్టుకుని "నుయ్యి, నుయ్యి" అనేవాడు. మా వీధిలో నుయ్యే లేదు. చిన్నప్పుడు పార్వతీపురంలో అమ్మమ్మగారింట్లో ఉండేది, అదేమైనా గుర్తొస్తోందేమో అనుకున్నాం. అమ్మ అయితే "ఆడికి ఏటీ లేదే, ఒళ్ళు బరువెక్కిపోయి కదలబుద్ధి కాక వొంకలు పెడతన్నాడు" అనేసింది. నేనూ అదే నిజమేమో అనుకుని ఊరుకున్నా. అలా ఊరుకోవడం వల్ల ఇంచుమించు రెండేళ్ళు పోయాయి, పుట్టుకతో డౌన్ సిండ్రోమ్ లాంటివి ఉన్న అన్నో చెల్లో ఇంట్లో ఉన్నవాళ్ళు ఎవరైనా చదువుతారని ఇది రాస్తున్నా.

మాది రాయగడ. ఒడిశాలో ఉన్నా ఇంట్లో తెలుగే, కొట్లో సగం తెలుగు సగం ఒడియా. మా బుజ్జన్నకి డౌన్ సిండ్రోమ్, అంటే పుట్టుకతోనే ఒక క్రోమోజోము ఎక్కువై బుద్ధి ఎదుగుదల నెమ్మదించడం, 1976లో పుట్టాడు. వాడికి నాలుగేళ్ళప్పుడు విశాఖపట్నం తీసుకెళ్తే అక్కడి డాక్టరు "ఇరవై దాటితే గొప్ప" అన్నారట. ఆ మాట అమ్మ మనసులో ఎంత లోతుగా నాటుకుందంటే వాడి ఇరవయ్యో పుట్టినరోజు మేం చెయ్యలేదు, దిష్టి తగులుతుందని. ఆ డాక్టరుని అనడానికేం లేదు, 1983లో అమెరికాలోనే డౌన్ ఉన్నవాళ్ళ సగటు ఆయుష్షు 25 ఏళ్ళు. ఇప్పుడు అది 60 దాకా వచ్చింది, గుండె ఆపరేషన్లు, యాంటీబయాటిక్స్, పిల్లల్ని సంస్థల్లో పడేయకుండా ఇంట్లో పెంచుకోవడం, అన్నీ కలిసి. అంటే వీళ్ళు పెద్దవాళ్ళయ్యారు, ముసలివాళ్ళూ అవుతున్నారు, కానీ మన చుట్టుపక్కల డాక్టర్లకి, మనకీ కూడా వీళ్ళు ఇంకా "పిల్లలే". నలభయ్యారేళ్ళ మనిషిని తీసుకెళ్తే పిల్లల డాక్టరుకి చూపించమన్నవాళ్ళు కూడా ఉన్నారు.

బుజ్జన్న పని పొట్లాలు కట్టడం. నాన్న నేర్పారు, పాత పేపరు ముక్క, పిడికెడు జీలకర్ర, మడత, పురికొస రెండు చుట్లు. గంటకి నలభై కట్టేవాడు, ఒక్కటి ఊడేది కాదు, మెంతులు ఒక వరస ఆవాలు ఒక వరస పేర్చేవాడు. మంగళవారం మజ్జిగౌరమ్మ గుడికి నాతో నడిచొచ్చేవాడు. అలాంటి మనిషి ఆ ఏడాది ఒక్కొక్కటీ మానేస్తూ వచ్చాడు. ముందు అరుగు దిగడం, తర్వాత పొట్లాలు, తర్వాత పిలిస్తే పలకడం. మధ్యాహ్నం మూడు దాకా పడుకునేవాడు, ఒళ్ళంతా పొడిబారి పొట్టు రాలేది, వారానికి రెండుసార్లు విరేచనం అయితే గొప్ప, టీవీ మాత్రం వీధి చివరికి వినిపించేంత సౌండు పెట్టేవాడు. తగ్గించబోతే చెయ్యి విసిరేవాడు, వాడు జీవితంలో ఎవరి మీదా చెయ్యెత్తింది లేదు.

ఒక ప్రైవేటు క్లినిక్కి తీసుకెళ్ళాం. ఆయన వాడి మొహం వైపు ఒకసారి చూసి, నా వైపు తిరిగి, వీళ్ళకి వయసొచ్చాక మొండితనం వస్తుందమ్మా, మామూలే, అని మాత్రలు రాశారు. చెవిలో చూడలేదు, కంట్లో లైటు వెయ్యలేదు, రక్తం తియ్యలేదు. ఆ మాత్రలతో వాడు ఇంకా మత్తుగా అయిపోయి బాత్రూంలో పడ్డాడు. ఇప్పటికీ నాకు కోపం ఆ మాత్రల మీద కన్నా "మామూలే" అన్న మాట మీద. ఎందుకంటే మేమూ ఇంట్లో ఏడాదిగా అదే అంటున్నాం, డాక్టరు నోట విన్నాక ఇంక అనుమానం కూడా పోయింది.

2023 దసరా తర్వాత ప్రభుత్వాసుపత్రిలో ఒక లేడీ డాక్టరు దగ్గర మా కథ మారింది. ఆవిడకి తెలుగు రాదు, వాడికి ఒడియా రాదు. అయినా ఆవిడ "కొణ హెలా భాయి?" (ఏమైంది అన్నా?) అని నేరుగా వాడినే అడిగారు, వాడి ఎదురుగా స్టూలు వేసుకుని. తర్వాత నన్ను అడిగారు, ఇదివరకు ఏమేం చేసేవాడు, ఏది ముందు మానేశాడు, ఏ నెలలో అని. నా దగ్గర జవాబు లేదు, అన్నీ కలిపి "బాగా డల్లయిపోయాడు మేడమ్" అన్నా. అది రోగం పేరు కాదు కదా అన్నారావిడ, నెమ్మదిగానే.

రక్తపరీక్షలో థైరాయిడ్ బయటపడింది, థైరాయిడ్ మందగిస్తే పెరిగే టీఎస్‌హెచ్ అనే హార్మోను నలభై దాటింది. నిద్ర, మలబద్ధకం, పొడి చర్మం, బరువు, మందకొడితనం అన్నిటికీ సగం కారణం అదే. డౌన్ ఉన్నవాళ్ళలో థైరాయిడ్ తక్కువ పనిచెయ్యడం చాలా ఎక్కువట, పెద్దవాళ్ళకి ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి ఈ పరీక్ష చేయించాలని 2020లో అమెరికాలో వచ్చిన వైద్య మార్గదర్శకాల్లో రాశారు, ముప్పై ఏళ్ళ నుంచి షుగరు పరీక్ష కూడా. మా వాడికి నలభయ్యేడేళ్ళలో అదే మొదటిసారి. చెవుల్లో గులిమి రాయిలా గట్టిపడి ఉంది, వీళ్ళకి చెవి రంధ్రం సన్నగా ఉంటుంది కాబట్టి పేరుకుపోతుందట, అది తీశాక టీవీ సౌండు ఆ రోజు సాయంత్రమే సగానికి తగ్గింది. అమ్మ ఏడ్చింది ఆ సాయంత్రం, "ఇన్నాళ్ళు పిలిస్తే పలకలేదని తిట్టేనే ఆడిని" అని.

ఇక కళ్ళు. రెండు కళ్ళలోనూ శుక్లాలు. మనకి అరవైల్లో వచ్చేవి వీళ్ళకి చాలా ముందే వస్తాయి. కంటి డాక్టరు ఆ మాట చెప్పగానే నాకు కడప బండ గుర్తొచ్చింది. మసకబారిన కళ్ళతో చూస్తే ఆ నల్లటి, నున్నటి బండ వాడికి నీళ్ళున్న నుయ్యిలా కనిపించింది. రెండేళ్ళ పాటు వాడు మాకు సరిగ్గానే చెప్పాడు, తన దగ్గరున్న ఒక్క మాటతో చెప్పాడు. నొప్పైనా కనపడకపోయినా వాడి భాషలో వేరే చెప్తాడు, పన్ను నొప్పైతే ఆ వైపు చెంప కొట్టుకుంటాడు, కడుపునొప్పైతే బల్ల కింద కూర్చుంటాడు. మనం దాన్ని అల్లరి అంటాం.

శుక్లాల ఆపరేషను 2024లో విశాఖపట్నంలో చేయించాం. కదలకుండా పడుకోడు కాబట్టి మత్తు పూర్తిగా ఇవ్వాలన్నారు. ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం, డౌన్ ఉన్న కొందరికి మెడ పైభాగంలో మొదటి రెండు ఎముకల మధ్య పట్టు వదులుగా ఉంటుంది, మత్తిచ్చేటప్పుడు మెడ బాగా వెనక్కి వంచితే వెన్నుపాముకి ప్రమాదం, అందుకని ఆ సంగతి మత్తు డాక్టరుకి ముందే చెప్పి, మెడ ఎక్స్‌రే అవసరమా అని అడగండి. ఆయనే గురక గురించి కూడా అడిగారు. మేం చిన్నప్పట్నుంచీ వాడు గురక పెడితే హాయిగా పడుకున్నాడనుకునేవాళ్ళం, అది నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం కావచ్చని, వీళ్ళలో అది బాగా ఎక్కువని అప్పుడు తెలిసింది. ఆపరేషనుకి పదిరోజుల ముందు నుంచీ ఇంట్లో ఆట పెట్టాం, ముందు అమ్మ కంటికి కట్టు, తర్వాత నా కంటికి, తర్వాత వాడికి, చుక్కల మందు బదులు కాచి చల్లార్చిన నీళ్ళు బుగ్గ మీద. లేకపోతే ఆపరేషనైన గంటకే కట్టు పీకేసేవాడు. పీకలేదు. ఇంటికొచ్చాక మూడోరోజు పొద్దున్న అరుగు మీద నిలబడి బండ వైపు చాలాసేపు చూసి, కాలి బొటనవేలితో తాకి చూసి, దిగాడు.

ఆ ఆపరేషనుకి సంతకం దగ్గర పెద్ద తంటా వచ్చింది. పద్ధెనిమిది నిండాక చట్టం దృష్టిలో వాడు పెద్దవాడు, అమ్మకి కూడా తల్లి అన్న ఒక్క కారణంతో వాడి తరఫున సంతకం చేసే హక్కు ఉండదు. నేషనల్ ట్రస్ట్ చట్టం 1999 కింద గార్డియన్‌షిప్ తీసుకోవాలి, జిల్లా కలెక్టరు అధ్యక్షుడిగా ఉండే లోకల్ లెవెల్ కమిటీకి దరఖాస్తు పెట్టాలి. నిరామయ అనే ఆరోగ్య ఇన్సూరెన్స్ కూడా ఆ ట్రస్టుదే, ఏడాదికి లక్ష రూపాయల దాకా, వయసు పరిమితి లేదు, ముందస్తు వైద్య పరీక్షలూ అక్కర్లేదు. ఆటిజం, సెరెబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, ఒకటికి మించిన వైకల్యాలు ఉన్నవాళ్ళకి వర్తిస్తుంది. మేం ఇవన్నీ అమ్మకి డెబ్భయ్యారొచ్చాక మొదలుపెట్టాం. మీ అమ్మానాన్నలు ఓపిగ్గా ఆఫీసుల చుట్టూ తిరగగలిగినప్పుడే చేయించండి, కాగితాల్లో పేరు ఒడియాలో ఒకలా తెలుగులో ఒకలా ఉంటే ముందు అది సరిచేయించండి, మా సరిహద్దు ఊళ్ళ వాళ్ళకి ఆధార్‌లో ఒక ఇంటిపేరు, పాత సర్టిఫికెట్లో ఇంకో ఇంటిపేరు ఉండటం మామూలు.

డౌన్ ఒక్కటే కాదు. గుణుపురంలో మాకు పిన్ని వరసయ్యే ఆవిడ కూతురు, యాభై దాటింది, పుట్టుకతో బుద్ధి ఎదగలేదు. రొమ్ములో గడ్డ పుండయ్యాక గానీ ఎవరూ చూడలేదు. ఆవిడ ఎవర్నీ తాకనివ్వదని పరీక్ష మాటే ఎవరూ ఎత్తలేదు, పెళ్ళి కాలేదు పిల్లల్లేరు ఆమెకి రొమ్ము క్యాన్సర్ ఎందుకొస్తుంది అన్నవాళ్ళు కూడా ఉన్నారు. నిజానికి పిల్లల్ని కననివాళ్ళకి ఆ ముప్పు కాస్త ఎక్కువే. దాని గురించి ఇంకా రాయలేను ఇప్పుడు. అలాగే ఫిట్స్ మాత్రలు ఇరవై ముప్పై ఏళ్ళు వాడినవాళ్ళకి కొన్ని మందుల వల్ల ఎముకలు గుల్లబారతాయి, చిన్నగా పడినా విరుగుతాయి, విటమిన్ డి సంగతి డాక్టరుని అడగండి.

నన్ను ఎక్కువ భయపెట్టే విషయం వేరే ఉంది. డౌన్ అంటే 21వ క్రోమోజోము రెండుకి బదులు మూడు ఉండటం. మెదడులో అమిలాయిడ్ అనే ప్రొటీను తయారయ్యే జీన్ ఆ 21వ దాని మీదే ఉంది, అందుకని వీళ్ళలో అది పుట్టినప్పట్నుంచీ ఎక్కువ తయారవుతుంది, నలభై వచ్చేసరికి దాదాపు అందరి మెదడులోనూ అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బులో కనిపించే మచ్చలుంటాయి. లక్షణాలు చాలామందికి యాభైల్లో మొదలవుతాయి. అప్పటిదాకా ఫిట్స్ ఎరగనివాళ్ళకి ఆ వయసులో కొత్తగా ఫిట్స్ రావడం కూడా ఒక గుర్తు. అందుకే నలభై నుంచీ ఏటా మతిమరుపు సంగతి చూడమంటారు. కానీ ఎలా చూస్తాం? మామూలు జ్ఞాపకశక్తి పరీక్షలో తేదీ అడుగుతారు, వందలోంచి ఏడు తీసెయ్యమంటారు, మా వాడు ఆరోగ్యంగా ఉన్నప్పుడు కూడా అవి చెప్పలేడు. వాడిని వాడితోనే పోల్చాలి. నిన్నటి బుజ్జన్నతో ఇవాళ్టి బుజ్జన్నని. నిన్నటిది ఎక్కడైనా రాసి ఉండాలిగా.

ఆ డాక్టరమ్మ అడిగిన ప్రశ్నకి జవాబుగా నేను ఒక లాంగ్ నోట్‌బుక్ కొన్నా. ప్రతి నెలా మొదటి తారీఖున రాస్తా. బట్టలు తనే వేసుకున్నాడా, బొత్తాలు ఎన్ని పెట్టుకున్నాడు, ఇంటి ఎదురు వాళ్ళ పేర్లు ఎన్ని చెప్పాడు, పది నిమిషాల్లో పొట్లాలు ఎన్ని, బరువు, విరేచనం, నిద్ర. పుట్టినరోజు నాడు ఫోనులో వీడియో, నడుస్తూ, తింటూ, మాట్లాడుతూ. మీ వాళ్ళకి ముప్పై అయిదే అయినా ఇవాళే మొదలుపెట్టండి, బాగున్నప్పుడు తీసిన వీడియోయే రేపు డాక్టరుకి పనికొస్తుంది. ఏదైనా తగ్గితే అల్జీమర్సేనని కూడా అనేసుకోకండి, ముందు థైరాయిడ్, చెవులు, కళ్ళు, నిద్ర, పళ్ళు, మలబద్ధకం, కొత్త మందులు, ఇంట్లో ఎవరైనా పోయారా అన్న దిగులు, ఇవన్నీ చూశాకే ఆ మాట.

బుజ్జన్నకి ఇప్పుడు నలభై తొమ్మిది. థైరాయిడ్ మాత్ర పొద్దున్నే పరగడుపున, అరగంట దాకా టీ ఇవ్వకూడదు, ఆ అరగంటా గోడ గడియారం కింద కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. మంగళవారం గుడికి వస్తున్నాడు. మొన్న ఒకటో తారీఖున పది నిమిషాలకి అయిదు పొట్లాలు కట్టాడు, క్రితం నెల ఆరు. ఎదురింటి పాప పేరు చెప్పడానికి చాలాసేపు పట్టింది, చివరికి చెప్పాడు. రెండూ రాశాను, పక్కన తారీఖు వేశాను, వచ్చే సోమవారం చెవులు చూపించడానికి టోకెన్ తీసుకున్నాను.