వహాకా కొండల్లో స్లాబు పని

మెక్సికో అనగానే డాలస్‌లో ఉండే మనవాళ్లకి గుర్తొచ్చేవి రెండే. ఒకటి కాన్‌కూన్ రిసార్టు, రెండోది అమెరికా వీసా స్టాంపింగ్ కోసం వెళ్లే దారి. ఆ రెండో దారి కూడా 2025 సెప్టెంబరులో మూసుకుపోయింది. అందుకని నేను వహాకా వెళ్తున్నానని చెబితే, "అదెక్కడ? బీచ్ ఉందా?" అనే అడిగారు అందరూ. మెక్సికో దక్షిణాన ఉన్న రాష్ట్రం అది. బీచ్ ఉంది, కానీ నేను వెళ్లింది బీచ్ వైపు కాదు. కొండల్లోకి, ఒక పల్లెలో బడికి గది కట్టే పనికి.

మా ఆఫీసులో ఒకావిడ ఏటా వేసవిలో ఒక చిన్న బృందాన్ని తీసుకెళ్తుంది. వహాకా రాష్ట్రంలో ఏదో ఒక పల్లెలో ఒక తరగతి గదో, వంటగదో కట్టడానికి చేయి వేస్తారు. మిగిలిన డబ్బుతో కొంతమంది పిల్లలకి స్కాలర్‌షిప్ ఇస్తారు. మా దగ్గర ఒక్కొక్కరికి 1,400 డాలర్లు వసూలు చేశారు, విమానం టికెట్టు కాక. అమెరికా వీసా చెల్లుబాటులో ఉంటే మెక్సికోకి వేరే వీసా అక్కర్లేదు కాబట్టి ఆ టెన్షన్ లేదు. టెన్షనంతా వహాకా ఎయిర్‌పోర్టులో కాఫీ ధర చూశాక మొదలైంది. 110 పెసోలట. మెక్సికోలో 2025లో రోజు కూలీ కనీస వేతనమే 278 పెసోల చిల్లర.

మే నెలాఖరు. ఊరు దాటకముందే వ్యాను ఆగిపోయింది. రోడ్డుకి అడ్డంగా రెండు బస్సులు, వాటి మధ్య తాళ్లతో కట్టిన నీలం పట్టాలు, పట్టాల కింద కుర్చీలేసుకుని ఆడవాళ్లూ మగవాళ్లూ కబుర్లు చెప్పుకుంటున్నారు. ఒకావిడ స్వెట్టర్ అల్లుతోంది. ఎవరు వీళ్లని అడిగితే మా డ్రైవరు నవ్వాపుకుంటూ చెప్పాడు: "టీచర్లు."

బడి కట్టడానికి బయల్దేరిన మమ్మల్ని బడిపంతుళ్లు ఆపేశారన్నమాట. వహాకాలో ఇది ఏటా మే నెలలో వచ్చే పండగలాంటిదే. అక్కడి టీచర్ల సంఘం ఇరవై రెండో సెక్షన్ అంటే ప్రభుత్వాలకి హడల్. 2006లో వీళ్ల సమ్మెతో మొదలైన గొడవ నెలల తరబడి రాష్ట్ర రాజధాని వహాకా నగరాన్నే స్తంభింపజేసింది. ఈసారి డిమాండు 2007 నాటి పెన్షన్ చట్టం రద్దు, జీతాలు రెట్టింపు. ఎండలో రెండు గంటలు నిలబడ్డాక నాకు సానుభూతీ కోపమూ సమానంగా వచ్చాయి. మా బృందంలో స్పానిష్ బాగా వచ్చిన అమ్మాయి వెళ్లి, మేం ఫలానా ఊళ్లో స్కూలు గది కట్టడానికి వెళ్తున్నాం, వదలండి అని బతిమాలింది. పట్టా కింద అందరూ ఒక్కసారి ఘొల్లుమన్నారు. అల్లుతున్నావిడ తల ఎత్తకుండానే ఏదో అంది. "గోడలు మీరు లేపండి, లోపల పాఠం చెప్పే సంగతి మేం చూసుకుంటాం" అందట. వదల్లేదు.

చివరికి సామాను నెత్తిన పెట్టుకుని, అడ్డం అవతలకి నడిచి వేరే బండి పట్టుకోవాలన్నారు. ఆ కిలోమీటరు నడవలేనివాళ్ల కోసం పక్క మట్టిదారిలో మూడు చక్రాల బళ్లు తిరుగుతున్నాయి. దగ్గరికొచ్చేసరికి నా కళ్లు నేనే నమ్మలేదు. అచ్చం మన బజాజ్ ఆటో! ముందు అద్దం మీద మరియమ్మ బొమ్మ తప్ప తేడా లేదు. మనిషికి యాభై పెసోలన్నాడు. మామూలుగా పది తీసుకుంటారట. బేరమాడాను, తగ్గలేదు. ఈ విషయంలో కూడా తేడా లేదు.

అవతల వైపు దొరికిన వ్యాను 175 నంబరు రోడ్డెక్కింది. ఇక మలుపులే మలుపులు. నాగజెముడు, ఎర్రమట్టి పోయి దేవదారు చెట్లు వచ్చాయి. చెవులు గడియపడ్డాయి. నా వెనక సీట్లో ఒక పెద్దాయన కవర్లు పంచాడు, వాంతులకి. గెలతావ్ దగ్గర పది నిమిషాలు ఆపారు. మెక్సికోకి అధ్యక్షుడైన బెనీతో హువారెస్ 1806లో పుట్టింది ఆ చిన్న ఊళ్లోనే. జపోతెక్ అనే ఆదివాసీ తెగ పిల్లాడు, అమ్మానాన్నల్ని చిన్నప్పుడే పోగొట్టుకుని, పన్నెండేళ్లప్పుడు నడుచుకుంటూ వహాకా చేరి చదువుకున్నాడు. ఇప్పుడు దేశమంతా హైస్కూలు పిల్లలకి ప్రభుత్వం ఇచ్చే స్కాలర్‌షిప్‌కి ఆయన పేరే పెట్టారు. మేం వచ్చిన దారి అరవై కిలోమీటర్లు. ఆటో కూడా లేని రోజుల్లో ఆ పిల్లాడు ఎలా దిగాడో అనుకుంటూ నేను ఇంకో కవరు తీసుకున్నాను.

ఊరు చేరిన రోజు గురించి చెప్పడానికేం లేదు, పడుకున్నాం. మర్నాడు పొద్దున ఆరున్నరకి బడి ముందు చూసింది మాత్రం మర్చిపోలేను. పొగమంచులో ఓ యాభై మంది పారలు, బకెట్లతో నిలబడి ఉన్నారు. ఒకాయన బల్ల మీద పెద్ద పుస్తకం తెరిచి పేర్లు చదువుతున్నాడు. "ప్రెసెంతే" అంటూ ఒక్కొక్కరూ జవాబు. రాని వాళ్ల పేరు పక్కన గీత. గీత పడితే ఒక రోజు కూలి జరిమానా కట్టాలి, లేదంటే తన బదులు మనిషిని పంపాలి.

దీన్ని తెకియో అంటారు. రోడ్డు బాగు చేయడం, నీళ్ల పైపు వేయడం, బడికి గోడ కట్టడం లాంటి ఊరి పనికి ప్రతి ఇంటి నుంచి ఒకరు కూలి లేకుండా రావాలి. వహాకాలో 570 మునిసిపాలిటీలుంటే, నాలుగు వందల పైచిలుకు చోట్ల పార్టీల ఎన్నికలు కాకుండా ఊరి సభలోనే పెద్దల్ని ఎన్నుకుంటారు. ఎన్నికైనవాళ్లు చాలా ఊళ్లలో జీతం లేకుండానే చేయాలి. కుర్రాడిగా ఉన్నప్పుడు టోపిల్, అంటే మన తలారిలాంటి ఉద్యోగంతో మొదలై, స్కూలు కమిటీ, నీళ్ల కమిటీ, ఇలా మెట్టు మెట్టుగా ఎక్కాలి.

మా పేర్లు పుస్తకంలో లేవు. మేం విజిటర్లం. మమ్మల్ని పక్కన నిలబెట్టారు.

ఆ రోజు స్లాబు. కంకర, ఇసుక, సిమెంటు నేల మీదే పారలతో కలిపి, నిచ్చెన మీద వరసగా నిలబడి బకెట్లు అందించుకోవడమే. మిల్లరు లేదు. ఇక్కడా స్లాబు పని మధ్యలో ఆపకూడదు, సాయంత్రం వాన వచ్చేలోపు అయిపోవాలి. ఇక్కడా ఆ రోజు వేట పడుతుంది. మన దగ్గర మేస్త్రీలకి బిర్యానీ, సీసా అయితే, ఇక్కడ ఆవు మాంసం పులుసు, మెస్కాల్. నేను మాంసం తినను. ఆడవాళ్లు నన్ను జాలిగా చూసి చిక్కుడు గింజల కూర, పెనం మీంచి అప్పుడే తీసిన మొక్కజొన్న రొట్టెలు, ఎర్రటి చల్లటి నీళ్లు ఇచ్చారు. ఆ నీళ్లు గోంగూర కాయ మీది ఎర్ర రేకలు నానేసి పంచదార వేసి చేస్తారట. పచ్చడి తప్ప తెలియని నాకు అది తాగుతుంటే ఏదో తప్పు చేస్తున్నట్టనిపించింది. మూడు గ్లాసులు తాగాను.

మా గురించి నిజం చెప్పాలంటే, ఆ నిచ్చెన మీద మా బృందం ఉన్నచోటే బకెట్లు ఆగేవి. కాసేపటికి మమ్మల్ని మర్యాదగా ఖాళీ బకెట్లు కిందికి పంపే వరసలోకి మార్చారు. మార్చినాయన స్కూలు కమిటీ ప్రెసిడెంటు. ఊళ్లో అందరూ ఆయన్ని ప్రెసిడెంటనే పిలిచారు, నేనూ అలాగే పిలిచాను.

భోజనాల దగ్గర ఆయన నా పక్కన కూర్చుని మంచి ఇంగ్లీషులో మాట్లాడటం మొదలుపెట్టాడు. లాస్ ఏంజెలెస్‌లో, కొరియాటౌన్ దగ్గర ఒక రెస్టారెంటు వంటగదిలో పదిహేనేళ్లు చేశాడట. ఆ పేటలో వహాకా కొండల మనుషులు ఎంతమందంటే, ఊళ్లో ఉన్నట్టే బ్యాండు మేళాలు, పండగలు అక్కడా జరుపుకుంటారని చెప్పాడు. మరి ఎందుకొచ్చారంటే, సభలో తన పేరు పడిందన్నాడు. ఒక రోజు వంటగదిలో ఉండగా అన్నయ్య ఫోన్ చేసి, "నిన్ను స్కూలు కమిటీకి ఎన్నుకున్నారు, జనవరికల్లా రావాలి" అన్నాడట. అంతకుముందు తెకియో వంతులకి డబ్బిచ్చి మనిషిని పెట్టేవాడు. పెద్ద పదవికి అలా కుదరదు. రాకపోతే ఊరి ఉమ్మడి భూమిలో హక్కు పోతుంది. ఏడాది పని, జీతం సున్నా. మళ్లీ అమెరికా ఎలా వెళ్తారు, కాగితాలున్నాయా అని నేను అడగలేదు. అడగాల్సిన ప్రశ్న కాదది.

ఆయన మాత్రం అడగాల్సింది అడిగాడు. "నువ్వు ఇక్కడున్నావు కదా, మీ ఊళ్లో నీ వంతు ఎవరు చేస్తున్నారు?"

మా ఊళ్లో వంతులుండవన్నాను. ఆయన నమ్మలేదు. "మరి బడికి గోడ పడిపోతే?" అన్నాడు.

ఏం చెప్పాలి? 1997లో జన్మభూమి మొదలైనప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను. శ్రమదానం అని మా చేత తట్టలు మోయించారు. ఫొటోగ్రాఫరు వచ్చేదాకా మోశాం, వెళ్లిపోయాక ఆడుకున్నాం. తర్వాత గోడ పడిపోతే అమెరికాలో ఉన్నవాళ్లు డబ్బు పంపడం అలవాటైంది. మా బడి గేటుకి ఒక ఆర్చి ఉంది. దాని మీద దాత గారి తల్లిదండ్రుల పేర్లు బడి పేరు కన్నా పెద్ద అక్షరాల్లో ఉంటాయి. నేను కూడా ఒక ఏడాది ఫ్యాన్లు కొనిచ్చాను. మా నాన్న పేరు మూడు రెక్కల మీదా రాయించారు. ఫ్యాను తిరిగితే కనపడదు, కరెంటు పోతే చదవొచ్చు. పేరు రాయించడం తప్పని కాదు, ఆయనకి ఆ బడంటే ప్రాణం. కానీ రేపు నన్నెవరైనా ఫోన్ చేసి, స్కూలు కమిటీకి నీ పేరు పడింది, ఉద్యోగం వదిలి ఏడాది రా అంటే రాంగ్ నంబరని పెట్టేస్తాను.

ఇదంతా ఆయనకి చెప్పలేదు. డబ్బు పంపుతాం అని మాత్రం అన్నాను. ఆయన తల ఊపాడు. వాళ్లూ పంపుతారట. వలస వెళ్లినవాళ్లు ఒక పెసో పంపితే కేంద్రం, రాష్ట్రం, మునిసిపాలిటీ తలా ఒకటి కలిపే పథకం కొన్నేళ్లు నడిచిందని, తర్వాతి ప్రభుత్వం ఎత్తేసిందని చెప్పాడు. ఇప్పుడు బడి మరమ్మతుల డబ్బు నేరుగా తల్లిదండ్రుల కమిటీకే వస్తోందట. "డబ్బు ఎలాగోలా వస్తుంది. మనుషులే రారు."

స్లాబు పూర్తయింది, వానా వచ్చింది. తర్వాతి రోజులు పట్టాల కింద తడుస్తూ గోడలకి రంగేయడంతోనే గడిచాయి.

స్కాలర్‌షిప్ పిల్లల్ని చివరి సాయంత్రం పిలిపించారు. ఒక్కొక్కరూ ముందుకొచ్చి కృతజ్ఞతా పత్రం చదవాలి, మాతో ఫొటో దిగాలి. నాకు చిరాకేసింది. మైకు ముందు కాళ్లు వణుకుతూ నిలబడ్డ ఒక అమ్మాయికి పదహారేళ్లుంటాయి. తర్వాత ఆమెతో విడిగా మాట్లాడితే, పత్రంలో లేని లెక్కలు తెలిశాయి. ఊళ్లో ప్రాథమిక బడి ఉంది. టీవీలో పాఠాలు వచ్చే తెలెసెకుందారియా, అంటే తొమ్మిదో తరగతి దాకా బడి ఉంది, మారుమూల పల్లెల కోసం 1968లో మొదలైన పద్ధతి అది. అక్కడితో ఊళ్లో చదువు ఆఖరు. పైచదువుకి గంటన్నర దూరం, వెనక బల్లలు వేసిన జీపులో వెళ్లాలి. వెళ్లడానికి నలభై, రావడానికి నలభై పెసోలు. నెలకి పదిహేడు వందల పైమాట. హువారెస్ పేరు మీద ప్రభుత్వం ఇచ్చేది రెండు నెలలకి 1,900. అంటే రెండు నెలల స్కాలర్‌షిప్ ఒక నెల జీపుకే సరి. అందుకని నలుగురు అమ్మాయిలు కలిసి పైచదువు ఉన్న ఊళ్లోనే గది అద్దెకి తీసుకున్నారు. మా బృందం ఇచ్చేది ఆ గది అద్దెకి, బియ్యం పప్పులకి సరిపోతుంది.

తర్వాత ఏం చదువుతావంటే తడుముకోకుండా అడవుల ఇంజనీరింగ్ అంది. ఇక్స్‌ట్లాన్ అనే కొండ ఊళ్లో 2005లో పెట్టిన ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఆ కోర్సుంది. ఈ కొండల్లో అడవి ఊళ్లదే. 1956లో ప్రభుత్వం దాన్ని పాతికేళ్లకి ఒక కాగితం కంపెనీకి రాసిచ్చేస్తే, గడువు తీరాక పొడిగించకుండా జనం పోరాడి తెచ్చుకున్నారు. అప్పట్నుంచి చెట్లు కొట్టేదీ, నాటేదీ, రంపపు మిల్లు నడిపేదీ ఊళ్లే. ఆ మిల్లులో ఉద్యోగం చేస్తావా అన్నాను. "ఉద్యోగం కాదు, లెక్కలు చూడాలి. మా తాత వాళ్లకి అవి చూడటం రాక మోసపోయారు" అంది. మైకు ముందు వణికిన పిల్లేనా ఈమె!

ఆ రాత్రే సభ. కట్టిన గదికి దాతల పేర్లతో ఒక పలక పెట్టాలని మా ఆఫీసావిడ అడిగింది. పలక డాలస్ నుంచే చెక్కించి తెచ్చింది, పద్నాలుగు పేర్లు, నా పేరు స్పెల్లింగు తప్పుతో సహా. సభలో గంటన్నర చర్చ జరిగింది. ఎవరూ కాదనలేదు, అవుననలేదు. చివరికి ఒక ముసలావిడ లేచి, పెట్టండి, కానీ హాజరు పుస్తకంలో ఉన్న పేర్లన్నీ కూడా పెట్టండి, మా వంటవాళ్ల పేర్లతో సహా అంది. రాయి సరిపోదన్నారు. అయితే సంవత్సరం ఒక్కటి చాలంది. పలక తిరిగి మా వ్యానులోనే వచ్చింది. దానికి ఎయిర్‌పోర్టులో అదనపు బరువు డబ్బులు కట్టాం.

డాలస్ వచ్చాక వచ్చే ఏడాదికి ఏం చేయాలో బృందంలో ఓటు పెట్టారు. ఇంకో ఊళ్లో గది కట్టాలా, లేక ఎవరూ వెళ్లకుండా టికెట్ల డబ్బు కూడా కలిపి పైచదువు పిల్లలకి గదుల అద్దె కట్టాలా అని. నేను అద్దెకే వేశాను. నాతో పాటు ఇంకో ఇద్దరు. మిగతా అందరూ గదికే. "అద్దె కడితే ఏం కనపడుతుంది?" అని ఒకాయన గ్రూపులో రాశాడు. కింద తొమ్మిది లైకులు.