వస్తే, వచ్చినా, వచ్చాక: మెమూలో నేర్చుకున్న ఇంగ్లీష్

సీజీఎల్‌కి, అంటే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు ఎస్‌ఎస్‌సీ పెట్టే పరీక్షకు చదువుతున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు రాస్తున్నాను. ముఖ్యంగా పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, ఇంగ్లీష్ సెక్షన్ పేరు వింటేనే టెన్షన్ పడేవాళ్లకు. మాది కావలి దగ్గర పల్లె. డిగ్రీ అయ్యాక రెండేళ్లు పొద్దున్నే మెమూ లోకల్ రైల్లో నెల్లూరు పోయి, కోచింగ్, లైబ్రరీ చూసుకుని, సాయంత్రం మళ్లీ రైలెక్కేవాణ్ణి. మ్యాథ్స్, రీజనింగ్ ఎలా చదవాలో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ఒక్క విషయమే చెప్తాను. రెండు వాక్యాల్ని కలిపే చిన్న మాటలు, పుస్తకాల్లో సబార్డినేట్ కంజంక్షన్లు అని రాస్తారే, వాటి గురించి. నాకు మార్కులు పోయింది అక్కడే, తిరిగి వచ్చిందీ అక్కడే.

మొదటి దశ పరీక్ష టైర్ 1లో ఇంగ్లీష్ 25 ప్రశ్నలు, 50 మార్కులు, తప్పుకు అర మార్కు కోత. టైర్ 2లో 45 ప్రశ్నలు, 135 మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత. అంటే టైర్ 2లో రావాల్సిన ప్రశ్న ఒకటి తప్పు పెడితే మొత్తం 4 మార్కుల తేడా. ఒక మాక్ టెస్టులో నావి తొమ్మిది తప్పులు పోతే, కూర్చుని చూసుకుంటే నాలుగు ఈ కలిపే మాటల దగ్గరే ఉన్నాయి. అందులో ఒకటి ఇది: ‘ఆల్దో హి వాజ్ టైర్డ్, బట్ హి వెంట్ టు వర్క్.’ వాక్యంలో తప్పు ఎక్కడుందో పట్టమని ప్రశ్న. నేను ధైర్యంగా ‘నో ఎర్రర్’ పెట్టాను. క్లాసులో అడిగితే, ఆల్దో వస్తే బట్ రాకూడదు, రూల్ రాసుకోండి అన్నారు. రాసుకున్నా. వారం తిరక్కుండానే ‘యాజ్’తో మొదలైన వాక్యంలో ‘సో’ కనిపిస్తే అదే తప్పు మళ్లీ చేశా. రూల్ నోటికి వచ్చింది, ఎందుకో మాత్రం తెలీలేదు.

తెలిసింది రైల్లో. ఎదురు సీట్లో ఒక పెద్దామె ఫోన్లో గట్టిగా మాట్లాడుతోంది: “బిట్రగుంట దాటినాక చేస్తాలేమ్మా, ఇప్పుడు వినపడట్లా.” నా ఒళ్లో గ్రామర్ నోట్సులో ‘ఆఫ్టర్’ పేజీ తెరిచి ఉంది. ‘దాటినాక’ అనే ఒక్క మాటను ఇంగ్లీష్‌లో పెట్టబోతే ‘ఆఫ్టర్ ది ట్రైన్ క్రాసెస్’ అయింది. మనం క్రియకు తోక తగిలించి చేసే పనిని, ఇంగ్లీష్‌వాళ్లు వాక్యం ముందు ఒక మాట నిలబెట్టి చేస్తారు. అంతే తేడా.

ఒకసారి నోటితో అని చూడండి. రైలు వస్తే, రైలు వచ్చినా, రైలు వచ్చాక, రైలు వచ్చేలోపు, రైలు వచ్చేదాకా, రైలు రాకపోతే, రైలు వస్తుందని, రైలు వస్తుందో రాదో. ఇవే వరసగా ఇఫ్, ఈవెన్ ఇఫ్, ఆఫ్టర్, బిఫోర్, అంటిల్, అన్‌లెస్, దట్, వెదర్. “రైలు వస్తే” అని చెప్పి ఆగిపోండి. పక్కవాడు “వస్తే ఏంది?” అంటాడు. వాక్యం అలా వేలాడుతూ ఉంటే అదే సబార్డినేట్ క్లాజ్. ‘ఇఫ్ ది ట్రైన్ కమ్స్’ కూడా అట్టానే వేలాడుతుంది. ఆ ‘ఇఫ్’ తీసేస్తే మిగతాది సొంతంగా నిలబడుతుంది. ఈ పరీక్ష తెలిస్తే ఏది మెయిన్ క్లాజో, ఏది దాన్ని పట్టుకుని ఉన్నదో ఇక వెతుక్కోనక్కర్లేదు.

ఇప్పుడు ఆల్దో పక్కన బట్ ఎందుకు పెట్టానో చెప్తా. మన మాటల్లో ‘అలసిపోయినా పనికి పోయాడు’ అంటే సరిపోతుంది. కానీ మనం “అలసిపోయినా గాని పోయాడు” అనేస్తాం. ఆ ‘గాని’ చెవికి అలవాటైపోయి, ఇంగ్లీష్‌లో ‘బట్’గా దూరుతుంది. ‘కాబట్టి’ కూడా అంతే, ‘సో’ అయి వచ్చి కూర్చుంటుంది. ఇంగ్లీష్‌లో రెండు క్లాజులకు ఒక్క ముడి చాలు. ముందు ఆల్దో కట్టాక మధ్యలో కామా పెట్టి వదిలేయాలి. మన పాత గ్రామర్ పుస్తకాల్లో ఆల్దో తర్వాత ‘యెట్’ కనిపిస్తుంది, దాన్ని తప్పని కొట్టకండి.

నాకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది కాలం సంగతి. ‘ఇఫ్ ఇట్ విల్ రెయిన్’ అని రాసి మార్కు పోగొట్టుకున్నవాళ్లు మనలో ఎంతోమంది. ‘వాన పడితే రైలు లేటవుతుంది’ అనండి. ‘అవుతుంది’లో రాబోయే కాలం ఉంది, ‘పడితే’లో లేదు. ఇంగ్లీష్ కూడా అదే చేస్తుంది: ‘ఇఫ్ ఇట్ రెయిన్స్, ది ట్రైన్ విల్ బి లేట్.’ ‘దిగాక ఫోన్ చేస్తా’లోనూ అంతే, ‘ఆఫ్టర్ ఐ గెట్ డౌన్’. వెన్, బిఫోర్, అంటిల్, యాజ్ సూన్ యాజ్ అన్నిటికీ ఇదే. మన భాష మనకు ముందే నేర్పిన విషయం ఇది, పరీక్ష హాల్లో దాన్ని నమ్మాలి.

ఇక్కడే ఒక మెలిక. ‘ఐ డోంట్ నో వెన్ హి విల్ కమ్’ కరెక్టే. వెన్ ఉంది కదా, విల్ ఎందుకొచ్చింది అని నేను చాలా రోజులు కొట్టుకున్నా. తెలుగులో పెట్టి చూస్తే తేలిపోయింది. ‘అతను వచ్చినప్పుడు చెప్తా’ వేరు, ‘అతను ఎప్పుడొస్తాడో తెలీదు’ వేరు. మొదటిది పని ఎప్పుడు జరుగుతుందో చెప్తుంది, అక్కడ విల్ రాదు. రెండోది ఏది తెలీదో చెప్తుంది, అంటే ఆ ‘తెలీదు’కు కర్మ (ఆబ్జెక్ట్). దాన్నే నౌన్ క్లాజ్ అంటారు, అక్కడ విల్ వస్తుంది. మనకు రెండిటికీ రెండు వేరే రూపాలున్నాయి. ఇంగ్లీష్‌లో రెండు చోట్లా ‘వెన్’ ఒక్కటే.

ఆ ‘ఎప్పుడొస్తాడో’ చివరి ‘ఓ’ని వదలకండి. ఓ వినిపించిందంటే లోపలి ప్రశ్న ఇక ప్రశ్న కాదు. ‘అతను ఎక్కడుంటాడో తెలుసా’ అంటే ‘డు యు నో వేర్ హి లివ్స్’. ‘వేర్ డజ్ హి లివ్’ అని రాస్తే తప్పు. ‘వస్తాడో రాడో’ అని జంటగా వస్తే వెదర్. ‘అబౌట్’ లాంటి ప్రిపొజిషన్ తర్వాత కూడా వెదరే, ఇఫ్ పనికిరాదు. డైరెక్ట్-ఇన్‌డైరెక్ట్ ప్రశ్నలు ఈ ఒక్క అక్షరం మీదే సగం తేలిపోతాయి.

అన్‌లెస్‌లో ‘లేదు’ దాగి ఉంది: ‘చదవకపోతే’. అందుకే ‘అన్‌లెస్ యు డు నాట్ స్టడీ’ అంటే రెండు సార్లు కాదనడం. లెస్ట్ కూడా నాట్‌ను ఒప్పుకోదు, తర్వాత షుడ్ వస్తుంది. మనం ‘పడిపోతాడేమోనని’ అంటామే, అది. డిస్‌పైట్ కంజంక్షన్ కాదు, దాని తర్వాత క్లాజ్ రాదు, ‘ఆఫ్’ అసలే రాదు. ‘నో సూనర్’ పక్కన వెన్ పెట్టకండి. సూనర్ పోలిక మాట కాబట్టి దాని జత దాన్. హార్డ్‌లీ, స్కేర్స్‌లీలకు జత వెన్. ‘రాగానే’ లాంటి మన మాటల్లో ఈ జతల తేడా వినపడదు, కాబట్టి నోటికి పట్టించుకోవాల్సిందే.

నేను చేసిన అభ్యాసం చిన్నది. రెండొందల పేజీల నోటుబుక్కు, పేజీ మధ్యలో నిలువుగా గీత. ఎడమ పక్క రైల్లో చెవిన పడిన మాట, కుడి పక్క దాని ఇంగ్లీష్. ‘తలమంచి దాటేదాకా సీటు దొరకదు.’ ‘అడిగినా ఇయ్యలా.’ ‘నువ్వు రాకపోతే నేనూ పోను.’ రోజుకు పది. రాసినవాటిని వారానికోసారి తెలుగు మూసి ఇంగ్లీష్ నుంచి వెనక్కి చెప్పుకునేవాణ్ణి. తేడా కనిపించడానికి మూడు నెలలు పట్టింది. ఆ తర్వాత మాక్ టెస్టుల్లో ఈ రకం తప్పు ఒకటీ అరా తప్ప రాలేదు.

ఆ బుక్కులో చివరి పేజీల్లో ఒక వాక్యం ఉంది. ఓ పొద్దున పడుగుపాడులో సిగ్నల్ లేక రైలు ఆగింది. కిటికీ దగ్గర ఒక పిల్లాడు వాళ్లమ్మను అడిగాడు, “మా, పెన్న దాటితే నెల్లూరేనా?” కుడి పక్కన ‘ఇఫ్ వి క్రాస్ ది పెన్నా’ అని రాశాను. ఈలోపు రైలు కదిలి వంతెన ఎక్కింది. దాటడం ఖాయమైనప్పుడు ఇఫ్ ఎందుకని అనిపించింది. మన ‘తే’ అనుమానానికీ వాడతాం, జరిగి తీరేదానికీ వాడతాం. ఇంగ్లీష్‌లో అవి రెండు మాటలు. ఇఫ్ కొట్టేసి ‘వన్స్’ అని రాశాను.