ఎముకని ఫార్మలిన్‌లో వేయకండి

మార్చురీ బల్ల పక్కన ఎప్పుడూ రెండు సీసాలు ఉంటాయి, ఒకటి ఉప్పునీళ్లు, ఇంకోటి ఫార్మలిన్, అంటే శరీర ముక్కలు కుళ్లకుండా ఉంచే మందు ద్రావణం. విషం పరీక్షకి వెళ్లే కాలేయం, కిడ్నీ ముక్కలు గాఢమైన ఉప్పునీళ్లలో వేస్తాం, మైక్రోస్కోపు కింద చూడాల్సినవి ఫార్మలిన్‌లో. చేసి చేసి చెయ్యి దానంతటదే సీసా దగ్గరికి పోతుంది. డీఎన్ఏ కేసుల్లో కొంప మునిగేది అక్కడే, ఎందుకంటే ఫార్మలిన్ తగిలితే డీఎన్ఏ తునాతునకలై ల్యాబ్‌లో చదవడం చాలా కష్టమైపోతుంది.

ఆ పని నేనూ చేశాను. ఫోరెన్సిక్ డాక్టరుగా పీజీ చేసే రోజుల్లో, మే నెలలో, బందరు కాలువలో తేలిన శవం వచ్చింది. నాలుగు రోజులు నీళ్లలో ఉంది, పైగా విజయవాడ ఎండ, ముఖం గుర్తుపట్టే పరిస్థితి లేదు. తొడ కండ ముక్క కోసి అలవాటుగా ఫార్మలిన్‌లో పడేసి మూత బిగించాను. "డీఎన్ఏ ప్రొఫైల్ రాలేదు, ఎముక పంపండి" అని ల్యాబ్ నుంచి కాగితం తిరిగొచ్చింది. శవం ఇంకా ఫ్రీజర్‌లోనే ఉంది కాబట్టి బతికిపోయాను.

రెండోసారి మా సార్ పక్కన నిలబడి చేయించారు. కుళ్లిన శవంలో కండని నమ్మకూడదట. తొడ ఎముక మధ్యలో 4-5 సెంటీమీటర్ల పొడవున కిటికీలాగా కోసి తీయాలి, అడ్డంగా రెండు ముక్కలు చేశామంటే తర్వాత మనిషి ఎత్తు లెక్కగట్టడానికి ఆ ఎముక పనికిరాదు. రంపం నెమ్మదిగా ఆడాలి, వేడెక్కితే డీఎన్ఏకి దెబ్బ. పుచ్చని, సిమెంటు పెట్టని దవడ పన్ను దొరికితే అదీ తీసిపెట్టాలి, లోపలిదాన్ని గట్టిగా కాపాడేది పైనున్న ఎనామిలే. 2013 అక్టోబరులో పాలెం దగ్గర బస్సు కాలి 45 మంది పోయినప్పుడు కూడా గుర్తుపట్టడానికి డీఎన్ఏనే దిక్కయింది. ఇంకో శవం ముట్టుకునే ముందు గ్లోవ్స్, బ్లేడు మార్చాల్సిందే, లేకపోతే ఒకరిది ఇంకొకరికి అంటుకుంటుంది. ఆ తర్వాత లేబుల్, లక్క సీలు, కానిస్టేబుల్ సంతకం, ఈ తంతు అందరికీ తెలిసిందే.

ఆ కాలువ శవం తన కొడుకుదేమోనని వచ్చిన తల్లి రక్తం పోల్చడానికి అప్పటికే తీసుకున్నాం, బిడ్డకి సగం డీఎన్ఏ ఆమె నుంచే వస్తుంది కదా. ఫొటో అంటించిన ఫారం మీద వేలిముద్ర వేసి వెళ్లిన ఆవిడ మూడు వారాలకి అవనిగడ్డ నుంచి మళ్లీ వచ్చింది, చేతిలో కొడుకు ఆధార్ జిరాక్సు. "ఇంకా తేలలేదా బాబూ, నా రక్తం సరిపోలేదా?" అంది.

సరిపోయిందమ్మా, ఇంకో పరీక్ష ఉంది అన్నాను. సీసా సంగతి చెప్పలేదు.