ఆకురాయి పట్టిన ఆదివారం

మాది హాలియా దగ్గరి పల్లె. నాన్న పెట్టిన బత్తాయి తోటలో వేరుకుళ్లు సోకి చెట్లు ఒక్కొక్కటే ఎండిపోవడంతో, వాటిని కోసి తీసేయడానికి నాలుగేళ్ల క్రితం, తిరిగే గొలుసు మీది పళ్లతో కోసే పెట్రోలు రంపం కొన్నాను. అవసరం కోసం కొన్న ఆ మిషన్ మీద తరువాత ఇష్టం పెరిగింది. నల్లగొండ చుట్టుపక్కల నాలాగే ఇష్టపడేవాళ్లం పదకొండు మందిమి మొన్న ఆదివారం మా తోటలో కలుసుకొని, ఒకరి రంపం మరొకరు పట్టి చూసి, తెలిసిన పనిని పంచుకున్నాం.

స్టిల్, హస్క్‌వార్నా కంపెనీల రంపాలతో పాటు, పేరు కూడా సరిగా లేని 58 సీసీ మిషన్లు మూడు వచ్చాయి. గట్టు మీద నుంచి తెచ్చిన సర్కారు తుమ్మ దుంగ మీద అందరం వంతులవారీగా కోశాం. ఆ కట్టె ఎంత గట్టిదో ఈ ప్రాంతం వాళ్లకు చెప్పనక్కరలేదు. 58 సీసీ మిషన్ పొగలు కక్కుతూ ఆగిపోయిన చోట, అప్పుడే పదును పెట్టిన నా 31.8 సీసీ స్టిల్ నింపాదిగా దిగిపోయింది.

ఆ పదును నాది కాదు. మిర్యాలగూడ కలప అడితిలో చాలా ఏళ్లు పనిచేసిన ఒక పెద్దాయన పొద్దున్నే నా రంపం కోత చూసి, కింద పడిన పొట్టును వేళ్ల మధ్య నలిపి, "బిడ్డా, కోసేది పండ్లు, నువ్వు గాదు. గింత నూకుతున్నవేంది? పొట్టు జూడు, పిండి లెక్క వస్తుంది" అన్నారు. తరువాత 4 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి తీసుకొని, పంటి మీద గీసి ఉన్న 30 డిగ్రీల గీతకు సరిగ్గా ఆనించి, ముందుకు మాత్రమే నెడుతూ, వెనక్కి తెచ్చేటప్పుడు పైకి ఎత్తుతూ, ప్రతి పంటికీ మూడేసి సార్లు పట్టించారు. ఒక వైపు పళ్లు ఎక్కువ అరిగితే కోత పక్కకు వంగిపోతుంది కనుక ఆ లెక్క తప్పకూడదు. పంటి ముందుండే చిన్న బొడిపె పంటి కన్నా 0.65 మిల్లీమీటర్లు తగ్గి ఉండాలి. అది ఎత్తుగా ఉంటే పన్ను కట్టెను అందుకోలేదు, మరీ తగ్గితే రంపం ఎగిరిపడుతుంది. ఆ తరువాత నా రంపం నుంచి పిండికి బదులు కొబ్బరి తురుము లాంటి పెచ్చులు రాలాయి.

ఈ పంటి ఆకారం ఒక పురుగు నుంచి వచ్చిందని చెబితే కుర్రవాళ్లు నమ్మలేదు. 1946లో అమెరికాలోని ఓరెగాన్‌లో జోసెఫ్ బ్యూఫర్డ్ కాక్స్ అనే కట్టెకోత పనివాడు, మొద్దును అడ్డంగానూ నిలువుగానూ తొలుచుకుంటూ పోతున్న ఒక పురుగు పిల్ల దవడలను గమనించి, ఆ తీరులో గొలుసు పన్ను తయారు చేశాడు. మనం వాడే గొలుసులు దాని నుంచి వచ్చినవే.

మధ్యాహ్నం గాలివానకు కూలిన వేప దగ్గరికి వెళ్లాం. రెండు చివరలా ఆని, నడుమ గాలిలో ఉన్న మానును పైనుంచే కోస్తూ పోతే బార్, అంటే గొలుసు తిరిగే పొడవాటి పట్టీ, బిగుసుకుపోతుంది. నిరుడు నా బార్ అలాగే వంగిపోయింది. అటువంటి మానులో పైభాగం నొక్కుకొని, కిందిభాగం సాగి ఉంటుంది కనుక, మొదట పైనుంచి మూడో వంతు దాకా కోసి, మిగిలింది కిందినుంచి కోయాలి. కోసేటప్పుడు బార్ కొస పైమూల దేనికీ తగలకూడదు. తగిలితే రంపం కన్నుమూసి తెరిచేలోగా మనిషి ముఖం మీదికి లేస్తుంది. అందుకే ఎడమచేతి బొటనవేలు పిడి చుట్టూ బిగించి ఉండాలని, భుజం కన్నా ఎత్తులో కోయరాదని ఒకటికి నాలుగుసార్లు చెప్పాను. చెప్పులతో వచ్చిన ఇద్దరికి ఆ రోజు రంపం ఇవ్వలేదు; వాళ్లు నొచ్చుకున్నా నాకు బాధ లేదు.

వెళ్లేటప్పుడు పెద్దాయన తన ఆకురాయిని నా దగ్గరే వదిలి వెళ్లారు. రాత్రి వసారాలో దీపం కింద కూర్చొని, గొలుసుకున్న 25 పళ్లనూ నా చేతులతో మొదటిసారి నేనే పట్టాను. తెల్లవారి చూస్తే వాటిలో మూడు సరిగా కుదరలేదు, మళ్లీ పట్టాను.